పస్తుల మడి

మృగశిర కార్తె పుట్టిన మూడో రోజు, బుధవారం, పొద్దున ఆరూ ఇరవైకి మొదలైంది ఇదంతా. ఇంత కచ్చితంగా ఎలా చెబుతావని మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ వెక్కిరిస్తారు. ఆ రోజుల్లో మా ఊళ్లో చేతికి గడియారం ఉన్న ఆడపిల్లను నేనొక్కదాన్నే మరి. మొదటి జీతంతో కొన్నది. ఎవరూ టైము అడగకపోయినా చూసుకునేదాన్ని, అడిగితే సెకన్లతో సహా చెప్పేదాన్ని. మనిషికి ఇరవై మూడేళ్లు, చేతికి గడియారం, చదువు మీద నమ్మకం, ఈ మూడూ ఒకేసారి ఉంటే ఎంత ప్రమాదమో ఆ పొద్దున నాకు తెలియదు. అనంతపురం నుంచి ఉరవకొండ మీదుగా వచ్చే మొదటి బస్సు దిగి, విత్తనాల సంచి చంకన పెట్టుకుని, మా పరిశోధన మడి వైపు నడుస్తున్నాను. ఎదురుగాలికి గొర్రెల వాసన వచ్చింది. మా వైపు రైతుకు విత్తే ముందు చేలోంచి ఆ వాసన వస్తే ముఖం విప్పారుతుంది. నేను మాత్రం పరుగందుకున్నాను.

ముందు ఆ మడి సంగతి చెప్పాలి. విడపనకల్లు రోడ్డు పక్కన ఒకటిన్నర ఎకరా ఎర్రనేల. అనంతపురం వ్యవసాయ ఆఫీసువాళ్లు కౌలుకు తీసుకుని, చుట్టూ కంపకంచె వేసి, ఒక రేకుల గది కట్టారు. బావి ఒకటి ముందే ఉంది. ఆ మడిలో నేను సహాయకురాలిని (అంటే సాలుకొక గుంజ నాటడం, మొక్కల ఎత్తు కొలవడం, కాకులను తోలడం, ఈ మూడింటికీ కలిపి ఆ పేరు). నా పైన ఒక శాస్త్రవేత్త, గోదావరి పక్క నుంచి వచ్చినాయన. ప్రతి కంకినీ, ప్రతి ఆకునూ, ఒక పండగ పూట మా అమ్మ పంపిన ఓళిగను కూడా తక్కెట్లో పెట్టి తూచినందుకు ఊరు ఆయనకు గ్రాముల సారు అని పేరు పెట్టింది. ఆయన వెతుకుతున్నది ఒకే ఒక్క వస్తువు: యూరియా కొనలేని రైతు ఎరువు ఎరగని నేలలో వేసినా కంకి పట్టే మొక్కజొన్న. అందుకోసం ఎక్కడెక్కడి కొండల నుంచో, ఏయే దేశాల నుంచో పిడికెడు పిడికెడు విత్తనాలు తెప్పించి దాచారు. ఒక్కో రకానికి ఒక్కో సాలు. ఏ సాలు ఆకలికి తట్టుకుంటుందో చూసి, దాని పూత పుప్పొడిని ఇంకో గట్టి సాలు పీచు మీద రాల్చి, కాగితం సంచి కట్టి, అలా తరం తర్వాత తరం విత్తనం తయారు చేయాలి.

"మంచి నేలలో వేస్తే అన్నీ మంచి మొక్కలే అమ్మాయ్. దేనికి ఎంత సత్తువ ఉందో పస్తు పెడితేనే బయటపడుతుంది" అనేవారు సారు.

కాబట్టి పస్తు పెట్టాం. మూడేళ్ల పాటు ఆ మడిలో పైరు మీద పైరు వేశాం. నీళ్లు ఇచ్చాం గాని చిటికెడు ఎరువు వేయలేదు. కోత అయ్యాక చొప్ప కోసి, మోళ్లు పీకి, రాలిన ఆకులు కూడా ఊడ్చి గట్టు అవతల పారబోశాం. నేలలో ఉన్న నత్రజని, అంటే యూరియాలో ఉండే ఆ సారం, అడుగంటిపోవాలి. అదీ అన్ని మూలలా ఒకేలా అడుగంటాలి. మూడో ఏడు వచ్చేసరికి మొక్కలు మోకాలెత్తున ఆగిపోయాయి. కింది ఆకులు నడిమి ఈనె వెంట పసుపుబారి ఎండిపోయాయి. సారు వాటి మధ్య తిరుగుతూ, పెళ్లివారిల్లు చూసినంత సంతోషంగా, "అద్భుతం. అంతా సమంగా చచ్చిపోతోంది" అన్నారు. వచ్చే మృగశిరలో అసలు విత్తనాలు వేయవచ్చని అదే రోజు తేల్చారు.

ఊరు ఆ మడికి పస్తుల మడి అని పేరు పెట్టింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు, జబ్బుమనిషిని చూసినట్టు.

"మ్మే, మీ సారుకు పెంట కొనే దుడ్లు లేకపోతే చెప్పమను. ఇంటికొక తట్ట యేస్తాం" అనేది మా దగ్గర కలుపు తీసే చిన్నమ్మ.

"దుడ్లకేం తక్కువ ల్యాదు చిన్నమ్మా. కావాలనే మాడుస్తాండాం."

"కావాలనే పస్తు పెడతాండారా? అదేం పాపం చేసినాదే, నోరు ల్యాని నేల?"

ఈ మాటలన్నీ మా నాయనకు చేరేవి. నాయనకు గుట్ట కింద మూడెకరాల వేరుశనగ చేను. మాట తక్కువ మనిషి. టీ అంగడి దగ్గర ఎవరో ఒకరు "ఏమప్పా, నీ కూతురి చేను చూసినావా, ఎముకలు తేలినాయి" అంటే గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేసేవాడు. నాకు రోషం వచ్చి ఒక రోజు ఆయనను కూర్చోబెట్టి, కాగితం మీద గీతలు గీసి, నత్రజని అంటే ఏమిటో, సాలుకూ సాలుకూ తేడా ఎలా కొలుస్తారో, ముప్పావు గంట సేపు చెప్పాను (గడియారం చూసుకుంటూనే). నాయన కదలకుండా అంతా విన్నాడు. విని, అమ్మ వైపు తిరిగి, "ప్రభుత్వమోళ్లు దుడ్లు ల్యావని బయటికి చెప్పుకోల్యాకపోతాండారు, పాపం" అన్నాడు.

విత్తనాలు అనంతపురం ఆఫీసులో ఉన్నాయి. సారు వాళ్ల ఊరు వెళ్లారు, గురువారం విత్తడానికి బుధవారం వస్తానన్నారు. ఆదివారం నేను వాటిని తేవడానికి బయలుదేరుతూ కంచె తలుపు తాళంచెవి నాయన చేతిలో పెట్టాను. "మేం వచ్చేదాకా మడిని నీకే ఒప్పజెప్తాండా నాయనా. దానికి ఏ లోటూ రాకుండా చూసుకో" అన్నాను. ఎంత పెద్దమనిషి తరహాగా అన్నానో నాకిప్పటికీ చెవిలో వినిపిస్తుంది. నాయన తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాడు. అనంతపురంలో స్టోరు గుమాస్తా సెలవులో ఉండి, నేను మూడు రాత్రులు మా మేనత్త ఇంట్లో ఉండిపోవలసి వచ్చింది.

మా వైపు మంద కట్టడం అని ఒక పద్ధతి ఉంది. విత్తే ముందు గొర్రెలవాళ్లు రాత్రిళ్లు మందను ఒక చేలో తడకల మధ్య నిలుపుతారు. తెల్లారేసరికి పెంటా ఉచ్చా కలిసి ఆ నేలకు ఏడాది బలం. గొర్రెలవాళ్లకు ధాన్యం కొలిచి, అన్నం పెట్టాలి. మందలు తక్కువ, చేలు ఎక్కువ కాబట్టి ఊళ్లో వంతులు ఉంటాయి, ఆ వంతుల కోసం అన్నదమ్ములు మాటలు మానుకోవడం నేను చూశాను. మా నాయన వంతు రెండేళ్ల తర్వాత ఆ వారమే వచ్చింది.

ఇక ఆ బుధవారం. కంచె తలుపు తెరిచి ఉంది. మడి నిండా నల్లగా, మిరియాలు ఆరబోసినట్టు. మేం మామ అని పిలిచే గొర్రెలాయన తడకలు చుట్టుకుంటున్నాడు. నాయన గట్టు మీద తువ్వాలు దులుపుకుంటూ నిలబడి ఉన్నాడు, ముఖంలో మూడు రాత్రుల నిద్ర లేదు గాని ఇంకేదో ఉంది.

"వచ్చినావా పాపా. సూడు ఎట్లుండాదో" అన్నాడు.

"ఏం చేసినావు నాయనా?"

"మన వంతు ఈడ కట్టించినా. నువ్వు చెప్పింటివి గదా, లోటు రాకూడదని."

మామ తడక భుజానికెత్తుకుని నా దగ్గరికి వచ్చాడు. "మీ నాయన నన్ను కన్ను మూయనీల్యాదమ్మా. ఆ మూల తక్కువ పడినాది, ఈ మూల తక్కువ పడినాదని గొర్రెలను లేపి లేపి తోలిచ్చినాడు. కావాలంటే నడిచి సూస్కో. యాడా సందు ల్యాదు."

నడిచి చూశాను. నిజమే, సందు లేదు. ఒక మూల మిగిలి ఉన్నా నాలుగు సాళ్లు వేసుకుని ఉండేవాళ్లం. మూడు వందల గొర్రెలు, మూడు రాత్రులు అని నా బుర్ర లెక్క మొదలుపెట్టింది, అది పూర్తి కాకముందే వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. నాయన నా కళ్లలో నీళ్లు చూసి, ఆనందమనుకుని, పక్కన చతికిలబడ్డాడు. "మన చేనుదేముండాదిలే పాపా. వచ్చే ఏడు కట్టిద్దాం" అని వీపు తట్టాడు.

పదింటికి సారు దిగారు. తలుపు దగ్గరే ఆగి, చెప్పులు విడిచి, లోపలికి నడిచి, ఒక పెంటిక తీసి అరచేతిలో పెట్టుకుని అలవాటు కొద్దీ బరువు చూశారు. ఎన్ని గొర్రెలు, ఎన్ని రాత్రులు అని అడిగారు. జేబులోంచి కాగితం తీసి లెక్క వేశారు, ఇంకోసారి వేశారు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "కాఫీ దొరుకుతుందా అమ్మాయ్?" అన్నారు.

అప్పుడే నాయన ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. సారు రెండు చేతులూ జోడించి, "మీ చేనుకు ఇవ్వాల్సింది మాకిచ్చారు పెద్దాయనా. ఈ మేలు నేను మరిచిపోలేను" అన్నారు. నాయన తల వంచుకుని, కాలి బొటనవేలితో నేల గీరుతూ, "మనలో మనకేముండాదిలే సార్" అన్నాడు. ఆయన వెళ్లాక సారు నాతో, "ఆయనకు చెప్పకండి. చెప్తే గొర్రెలు వెనక్కి తీసుకోవు కదా" అన్నారు. వేరే రైతు చేలో వేద్దామా అని అడిగాను. "రైతు చేను ఒక మూల బీద, ఒక మూల కలిగింది. తేడా మొక్కదో నేలదో ఎలా తెలుస్తుంది? మళ్లీ మూడేళ్లు మాడ్చాలంటే పథకం ఈ ఏడుతో ఆఖరు. పంట చూసి పొడిగించాలో మూసేయాలో పైవాళ్లు తేలుస్తారు. విత్తేద్దాం" అన్నారు.

విత్తాం. నూట ఇరవై సాళ్లు. నా జన్మలో అంత పంట చూడలేదు. మొదటి సాలు నుంచి నూట ఇరవయ్యో సాలు దాకా ఒకటే ఎత్తు, ఒకటే నలుపు తిరిగిన పచ్చ. ఆకలి లేదు కాబట్టి గట్టిదీ బలహీనమైందీ అన్నీ ఒకే రకంగా కడుపు నిండి నిగనిగలాడాయి. ఊరు ఊరంతా చూడటానికి వచ్చింది. సారు మాత్రం ఆ సాళ్ల మధ్య, శవయాత్రలో నడిచినట్టు, చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవారు.

"ఇంత పంట పెట్టుకొని ఆ మనిషి యాల అట్ల ఏడుపు మొగం పెట్టుకున్యాడు?" అని ఒకరు.

"కడుపునొప్పి అంటప్పా. అన్నీ తూచి తూచి తింటే అరుగుతాదా?" అని చిన్నమ్మ.

నాయన ఆ నాలుగు నెలలూ టీ అంగడిలో కూర్చున్న చోటు నుంచి లేవలేదు. అవతల గుట్ట కింద మా వేరుశనగ బలం లేక, నడుమ ఒక వాన తప్పి, నేలకు అంటుకుపోయింది. ఆయన అటు వెళ్లినట్టే నేను చూడలేదు.

కంకులు గట్టిపడ్డాక పై ఆఫీసరు జీపులో వచ్చాడు. అమ్మ కంకులు ఉడకేసి పంపింది. నాయన కొత్త తలగుడ్డ చుట్టుకుని, పిలవకపోయినా, నలుగురితో గట్టు మీద నిలబడ్డాడు. ఆఫీసరు మడి నడిమికి వెళ్లి, ఒక కంకి విరిచి, గింజ నొక్కి చూసి, "యూరియా ఒక్క గింజ కూడా వేయలేదా?" అని అడిగాడు.

"వేయలేదండి" అన్నారు సారు. అది నిజమే.

"మరింకేం? మీరు అనుకున్నది సాధించేశారు. ఇంకో మూడేళ్లు కాదు, ఐదేళ్లు పొడిగిద్దాం."

ఆ క్షణం నాకు బాగా గుర్తు. నా ఉద్యోగం, సారు పరిశోధన, అన్నీ ఆ మాట మీద వేలాడుతున్నాయి. ఇంకో నేల కౌలుకు తీసుకుని మళ్లీ మొదటి నుంచి మాడ్చవచ్చు. సారు ఒకసారి పైరు వైపు, ఒకసారి నా వైపు చూసి, గొంతు సవరించుకుని, "ఒక సంగతి మీకు చెప్పాలండి" అన్నారు. ఆ సంగతి ఆయన నోరు దాటకముందే నాయన గట్టు దిగి ముందుకొచ్చాడు. నాలుగు నెలల పొగడ్తలకు ధైర్యం వచ్చిన మనిషి.

"యూరియా యాల సార్? నేను మంద కట్టించినా గదా."

"మందా?"

"మూడొందల గొర్రెలు సార్. ఇత్తనం ముందర మూడు రాత్రులు. మా పాప చేను అని నా వంతు ఈడికి తిప్పినా. యాడా సందు ల్యాదు, మామను అడగండి."

వెనక నుంచి మామ, "అవును సార్. లేపి లేపి తోలిచ్చినాడు" అన్నాడు.

ఆఫీసరు కంకిని కింద పెట్టాడు. సారు వైపు తిరిగాడు. "నేను చెప్పబోయింది అదేనండి" అన్నారు సారు. గొంతులో బాధ లేదు, బరువు దించుకున్న మనిషి గొంతు. జీపు వెళ్లిపోయింది. ఉడకేసిన కంకులు తట్టలో అలాగే ఉండిపోయాయి, తర్వాత వాటిని కూలివాళ్లు తిన్నారు. చాలా రుచిగా ఉన్నాయన్నారు.

నేనూ నాయనా ఇంటికి నడిచాం. జనం తప్పుకున్నాక, "నేను మాట్లాడిండకూడదా?" అని అడిగాడు.

"సారే చెప్పబోయినారు నాయనా."

"ఏంది చెప్పబోయింది?"

చేతిలో కాగితం లేదు కాబట్టి, మొదటిసారి మామూలు మాటల్లో చెప్పాను. "మన గుట్ట కింద చేను లాంటి నేలలో, యూరియా కొనల్యాని వాళ్లకు కంకి పట్టే ఇత్తనం ఏదో వెతుకుతాండాం. ఏది తట్టుకుంటాదో తెలియాలంటే పస్తు పెట్టాల. అందుకే మూడేండ్లు మాడ్చినాం."

నాయన ఆగిపోయాడు. "మనకోసమా?"

"మనకోసమే."

"ముందే ఇట్ల చెప్పింటే అయిపోవు గదా పాపా. నువ్వేమో గీతలు గీస్తివి" అన్నాడు. తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని నడిచాడు.

రెండు నెలలకు పథకం మూసేశారు. సారు వెళ్లిపోతూ నాకు ఒక చిన్న గుడ్డసంచి ఇచ్చారు. అందులో నాలుగు రకాలు, రకానికి గుప్పెడు గింజలు. "ఇవి గట్టివని నా అనుమానం. అనుమానమే, రుజువు లేదు" అన్నారు. నేను దాన్ని పెట్టెలో పెట్టబోతే నాయన చేయి చాపి తీసుకున్నాడు. మరుసటి ఏడు మృగశిరలో గుట్ట కింద, వేరుశనగ పక్కన, నాలుగు సాళ్లు తనే విత్తాడు. ఆ తర్వాత మొదలైంది అసలు వింత. మడిని మేపిన మనిషే ఇప్పుడు పస్తుకు కావలి కూర్చున్నాడు. ఎద్దులను గట్టు తొక్కనివ్వలేదు. ఎండుటాకు పడితే ఏరేసేవాడు. ఒక రోజు నన్ను పిలిచి, "పిట్ట రెట్టలో కూడా ఆ సారం ఉంటాదా?" అని అడిగాడు. కొంచెం ఉంటుందన్నాను. ఆ రోజు నుంచి ఒడిసెల పట్టుకుని మంచె ఎక్కాడు.

మామ మందతో అటు వచ్చాడు. "అన్నా, ఈ ఏడు తప్పిపోయినోళ్ల వంతు ఉండాది. నీ చేను ఎరువు చూసి మూడేండ్లాయ. ఒక రాత్రి నిలుపుతా."

"నీ గొర్రెల వాసన గూడ ఇటు పడకూడదు. పో."

"మతి ఉండాదా నీకు? పోయినేడు నిద్రల్యాకుండ తోలిస్తివి."

"పోయినేడు నాకు తెలీదు. పస్తుండాల అది. అప్పుడే తెలుస్తాది."

తండ్రీకూతుళ్లిద్దరికీ ఒకే గాలి సోకిందని ఊరు తేల్చింది. వానలు అరకొరగా పడ్డాయి. మూడు సాళ్లు పసుపుబారి మోకాలెత్తున ఆగాయి. నాలుగోది ఆగలేదు. కింది ఆకు దాకా పచ్చగా నిలబడింది, పదకొండు కంకులు పట్టింది, చిన్నవే గాని గింజ నిండినవి. నాయన వాటిని ఒడిలో వేసుకుని వచ్చి, "తూయి" అన్నాడు. ఇంట్లో ఉన్న తక్కెట్లో తూచాను. సారు తక్కెడే కావాలన్నాడు. అనంతపురం ఆఫీసుకు పోయి అడిగాను. సారు ఎక్కడికో బదిలీ అయ్యారు, పథకం లేదు కాబట్టి కంకులు తీసుకోవడానికి వీలు లేదన్నారు. రుజువు దొరికాక అనుమానపడిన మనిషి దొరకలేదు. చేను ఒక్కటే, సాలు ఒక్కటే కాబట్టి దాన్ని రుజువు అనడానికి సారు ఒప్పుకునేవారు కాదనుకోండి. సారు వచ్చి చూసేదాకా వాటిని ముట్టకూడదని నాయన పదకొండింటినీ పైపొట్టుతోనే జడలా అల్లి దూలానికి కట్టాడు. ఎవరైనా వస్తే అటు చూపించేవాడు. కొన్నేళ్లకు పురుగు పట్టి, ఇల్లు ఊడ్చినప్పుడల్లా దాని కింద తెల్లటి పొడి కనిపించేది. మిగిలిన గింజలు ఏరి నేను విత్తాను. ఒక్కటీ మొలవలేదు. అప్పటికి నాయన లేడు.

మొన్న ఉరవకొండలో విత్తనాల అంగడి ముందు నిలబడ్డాను. మొక్కజొన్న సంచులు రంగురంగుల్లో పేర్చి ఉన్నాయి. "యూరియా తక్కువేసినా పండేది ఉండాదా నాయనా?" అని అడిగితే, "ఏస్తేనే మంచిదవ్వా" అన్నాడు అంగడాయన, యూరియా మూటల వైపు చేయి చూపించి. చేతి గడియారం చూసుకున్నాను, బస్సుకు ఇంకా పదిహేను నిమిషాలు. ఆ ఇరవై మూడేళ్ల పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. టైము అడిగితే సెకన్లతో చెప్పేది, కన్నతండ్రికి సంగతేమిటో చెప్పడానికి మాత్రం మూడేళ్ల పైనే పట్టింది. బస్సులో కూర్చుని, అలవాటు పోదు కాబట్టి, లెక్క కట్టాను.

పోయినవి: మూడేళ్ల పస్తు. నూట ఇరవై సాళ్లు. నాయన వేరుశనగ పంట ఒకటి, వంతు రెండుసార్లు. నా ఉద్యోగం. సారు చిరునామా. నాలుగో సాలు, పదకొండు కంకులతో సహా.

గొర్రెలు మూడు వందలూ సరిగ్గా ఉన్నాయి. ఆ పొద్దున మామ నా ముందే లెక్కపెట్టుకున్నాడు.